యాక్ ఈనింది

“యాక్ పాలు కూడా ఇలాగే తోడుకుంటాయా శ్యామా?” అన్నాడు మా ఆయన, తాగిన కాఫీ కప్పు సింకులో పెడుతూ. సింకు పక్కనే డిష్‌వాషర్ తలుపు బార్లా తెరిచి ఉంది. కప్పు అక్కడిదాకా మాత్రం పోదు, పదహారేళ్ళ కాపురంలో ఎన్నడూ పోలేదు.

శనివారం పొద్దున్న. మే నెల చలి సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో అప్పుడే కాళ్ళు కొరుకుతోంది. స్టవ్ మీద ఆరు లీటర్ల ఫుల్ క్రీమ్ పాలు కాగుతున్నాయి. మర్నాడు మధ్యాహ్నం మా బ్యాక్‌యార్డ్‌లో బార్బీ, అంటే బార్బెక్యూ, పదహారు మంది వస్తారు. ఎంత మాంసం కాల్చుకు తిన్నా చివర్లో పెరుగన్నం పడకపోతే మనవాళ్ళకి తిన్నట్టుండదు. పైగా మా ఇంటి పెరుగుకి ఇక్కడి తెలుగువాళ్ళలో పెద్ద పేరు. దాన్ని “వాసు గారి పెరుగు” అంటారు.

వాసు గారు అంటే మా ఆయన, డాక్టర్ వాసుదేవరావు. పెరుగు తోడేసేది నేను. చలికాలం అవెన్‌లో లైటు వేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి లోపల పెట్టేది నేను. ఆయన చేసేదల్లా కథ చెప్పడం. “మా అమ్మ ఇండియా నుంచి తెచ్చిన తోడండీ, తొమ్మిదేళ్ళుగా కాపాడుకొస్తున్నాం.” మా అత్తగారు కళావతి గారు తోడు తెచ్చిన మాట నిజమే. సిడ్నీ ఎయిర్‌పోర్టులో ఆ డబ్బా తీసి చెత్తబుట్టలో పడేసిన మాటా అంతే నిజం. మర్నాడు నేను కుండీలో మిరపమొక్క నుంచి నాలుగు కాయలు తెంపి, వాటి తొడిమలు గోరువెచ్చని పాలల్లో వేసి, మూడు రోజులు తిప్పలు పడి తోడు పుట్టించాను. ఆ సంగతి మా ఆయనకీ తెలుసు, అత్తగారికీ తెలుసు. అయినా కథ మారలేదు. ఆ కథే బావుంటుందట.

“యాక్ పాలు ఉండవండీ. యాక్ అంటే జడలబర్రెల్లో మగది. ఆడదాన్ని డ్రి అంటారు. పాలిచ్చేది డ్రి. ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నాను.

“అదేలే, ఏదో ఒకటి. పాలు పాలే కదా,” అని టెన్నిస్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన మత్తు డాక్టరు. ఆపరేషనుకి ముందు మనుషుల్ని నెప్పి తెలియకుండా పడుకోబెట్టడం ఆయన వృత్తి. ఇంట్లో కూడా ఆ చెయ్యి ఊరుకోదు.

మామూలు రోజైతే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. కానీ ఆ పొద్దున్న కిచెన్ బెంచ్ మీద లాప్‌టాప్ తెరిచి ఉంది, అందులో నా పదహారేళ్ళ చాకిరీ అచ్చుకి వెళ్ళే ముందు చివరిసారి చూసుకోమని వచ్చి కూర్చుంది. నూట పద్నాలుగో పేజీలో మొదటి వాక్యం ఇదీ: “యాక్ మే నెలలో ఈనుతుంది.”

నేను యూనిలో, అంటే యూనివర్సిటీలో, జాగ్రఫీ చెబుతాను. సెమిస్టరుకో కాంట్రాక్టు, పదకొండేళ్ళుగా ఇదే వరస. లడఖ్‌కి తూర్పున, టిబెట్ వైపు సాగిపోయే చాంగ్‌థాంగ్ పీఠభూమి నా సబ్జెక్టు. పద్నాలుగు పదిహేను వేల అడుగుల ఎత్తు, చెట్టన్నది లేదు, పొయ్యిలోకి పేడే గతి. గొర్రెలు, మేకలు, యాక్‌లతో గడ్డి ఉన్న చోటుకల్లా డేరాలు మార్చుకుంటూ తిరిగే మనుషులు. మూడు వేసవులు అక్కడ గడిపాను. మా డిపార్ట్‌మెంట్ హెడ్ గ్రాహమ్‌తో కలిసి పుస్తకం అనుకున్నాం. నేల, బతుకుతెరువు, సంస్కృతి అని మూడు భాగాలు. కలిసి అన్నమాటే గానీ, గ్రాహమ్ ఒక్కసారి లేహ్ దాకా వచ్చి, హోటలు గదిలో మూడు రోజులు ఆక్సిజన్ పెట్టుకుని పడుకుని, వచ్చిన విమానంలోనే వెళ్ళిపోయాడు. ముందుమాట ఆయనది, మిగతా మూడొందల పేజీలూ నావి. మొదట ఇద్దరి పేర్లూ అన్నాడు. తర్వాత “పబ్లిషర్ వాళ్ళు సింగిల్ ఆథర్ అయితే బెటర్ అంటున్నారు షామ్” అన్నాడు. ఆ సింగిల్ ఆయనే. శ్యామ అని నోరు తిరగదు ఆయనకి, షామ్ అంటాడు. ఇంగ్లీషులో ఆ మాటకి దొంగవేషం అని అర్థం. అప్పుడూ సరే అన్నాను. సరే అనడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఈసారి మెయిల్లో ఏం రాశాడంటే, సాధారణ పాఠకులకి డ్రి అనే మాట అడ్డం తగులుతుందట, అందుకని పుస్తకమంతా యాక్ అని మార్చేశాడట. ఎలా మార్చాడో చూస్తే తెలుస్తూనే ఉంది. కంప్యూటర్‌కి ఒక్క ఆర్డరు వేశాడు, డ్రి కనిపిస్తే యాక్ పెట్టమని. అది మొద్దు యంత్రం, చెప్పినట్టే చేసింది. ఇంగ్లీషులో డ్రింక్ అన్న మాటలో మొదటి మూడక్షరాలూ అవే కదా, అదీ “యాక్‌న్క్” అయింది. డ్రైడ్ చీజ్ కాస్తా “యాకెడ్ చీజ్” అయి కూర్చుంది. అంటే మార్చాక ఒక్క పేజీ కూడా తిరిగి చదవలేదు మహానుభావుడు.

నవ్వాను. పొంగుతున్న పాలని కూడా చూసుకోకుండా పగలబడి నవ్వాను. ఆ చప్పుడుకి మా అమ్మాయి గీతిక లేచొచ్చింది. పద్నాలుగేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, నోటమ్మట మాత్రం ఇంగ్లీషే.

“వాట్ హ్యాపెండ్ మమ్?”

“ఎద్దు ఈనిందే,” అన్నాను.

“ఈనడం అంటే?”

“దూడని కనడం. మా అమ్మ అంటూ ఉండేది. వెనకటికి ఒకడొచ్చి ఎద్దు ఈనిందని చెబితే, రెండోవాడు ‘అయితే దూడని గాటన కట్టెయ్యి’ అన్నాడట. ఎద్దు ఎలా ఈనుతుందిరా అని ఒక్కడూ అడగలేదన్నమాట.”

గీతిక లాప్‌టాప్‌లోకి వంగి చూసి, “యాకెడ్ చీజ్! ఓ మై గాడ్!” అని బెంచ్ మీద తల పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆపి, “బట్ మమ్, యు రోట్ దిస్ బుక్, రైట్? వై ఈజ్ హీ చేంజింగ్ ఇట్?” అంది.

పాలు దించాను.

ఆ తప్పు మొట్టమొదట చేసింది నేనే, అది చెప్పుకోవాలి. పదహారేళ్ళ కింద, అక్కడికి వెళ్ళిన మొదటి వారం. యాంగ్‌చెన్ అమా-లే అని (అమా-లే అంటే అక్కడ అమ్మగారు), అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయి, ఆవిడ డేరాలో కూర్చుని, నోట్‌బుక్ తెరిచి, తగుదునమ్మా అని అడిగాను, “మీ యాక్ రోజుకి ఎన్ని లీటర్లు ఇస్తుంది?” అని. నాదీ ఆవిడదీ కూడా వచ్చీరాని హిందీ. ఒక్క క్షణం అందరూ నా మొహంలోకి చూశారు. తర్వాత డేరా డేరా అంతా గొల్లున నవ్వింది. అమా-లే నా చేతికి చెంబు ఇచ్చి, బయట కొండలా నిలబడ్డ మగ యాక్‌ని చూపించి, “వెళ్ళి పితుకు. మేం చూస్తాం” అంది. గుడివాడ దగ్గర నాలుగు గేదెల పాలమీద పెరిగిన పిల్లని. సిగ్గుతో చచ్చాను.

ఆ గేదెల్ని పితికేది మా అమ్మ. తెల్లారకముందే లేచి కుడితి పెట్టి, పేడ తీసి, పొదుగు కడిగి, పితికి, పాల కేంద్రానికి మోసుకెళ్ళేది. కేంద్రంలో పాల కార్డు మీద పేరు మా నాన్నది. ఏ గేదె ఎటునుంచి తంతుందో కూడా ఆయనకి తెలియదు. అది వింతని నాకు అప్పుడు తోచలేదు. చాంగ్‌థాంగ్‌లో తోచింది. పష్మీనా ఉన్ని కొనడానికి వ్యాపారులు వచ్చినప్పుడు మాట్లాడేది మగవాళ్ళు. డ్రి పాలు పితికేది, వెన్న తీసేది, మజ్జిగ కాచి విరిచి రాళ్ళలా ఎండబెట్టేది, ఆ చలికి చేతులు పగిలి నెత్తురు కారేది ఆడవాళ్ళు. సర్కారు లెక్కల వాళ్ళు వస్తే “ఏం పని చేస్తావు?” అని అమా-లేని అడిగి, ఆవిడ చెప్పేలోపే “ఇంటిపని” అని రాసుకుపోయారట. ఆ మాట చెబుతూ ఆవిడ నవ్వలేదు. “నువ్వు పుస్తకం రాస్తే మా పాలు తీసుకెళ్ళి మగవాటికి రాసిపెట్టకు” అంది. రాయనని మాటిచ్చాను. పోయిన వేసవిలో కూడా మనవరాలి ఫోన్ నుంచి కబురు పెట్టింది, పుస్తకం ఏమైందని.

ఆవిడ మేకల్ని పితికే పద్ధతి చూసి తీరాలి. నలభై మేకల్ని రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబెట్టి, మెడలన్నీ కలిపి ఒకే తాడుతో అల్లేస్తుంది. కదలడానికుండదు. ఒక్కోదాని వెనక కూర్చుని పితుక్కుంటూ పోతుంది. చివరిదాని పాలు కూడా తీశాక తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగుతుంది. అంతే, ఒక్క ముడి మిగలకుండా మొత్తం ఊడిపోయి మేకలన్నీ చెల్లాచెదురుగా పరిగెడతాయి. నాకు ఎన్నిసార్లు నేర్పినా అల్లడమే వచ్చింది గానీ, ఆ లాగడం చేత కాలేదు. ఎక్కడో ఒక చోట చిక్కుపడేది.

టెన్నిస్ నుంచి వచ్చాక మా ఆయనకి చూపించాను. ఎద్దు ఈనిన పేజీ కాదు, కృతజ్ఞతల పేజీ. “అలసట ఎరుగని సహాయం అందించిన మిసెస్ షామ్ రావుకి, ఆమె గైర్హాజరీని ఓర్పుతో భరించిన భర్త డాక్టర్ వాసు రావుకి ధన్యవాదాలు.” నా పాస్‌పోర్టులో ఉన్న పేరు యలమంచిలి శ్యామసుందరి. షామ్ రావు ఎవరో నాకు తెలియదు.

మా ఆయన చదివాడు. మొహం విప్పారింది. “అరె, నా పేరు కూడా వేశాడే! మంచివాడోయ్ గ్రాహమ్. ఉండు, అమ్మకి పంపిస్తా,” అని ఫోన్ తీసి ఫోటో కొట్టాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గానీ, నా సొమ్ము గ్రాహమ్ తీసి మా ఆయనకి దానం చెయ్యడం ఇప్పుడే చూడటం. ఓర్పట, ఓర్పు! గీతికకి మూడేళ్ళప్పుడు నేను రెండోసారి బయల్దేరబోతుంటే, అత్తగారు ఫోన్లో అన్న మాట నాకు ఇంకా గుర్తే. “చంటిపిల్లనొదిలి కొండల మీద మేకల వెంట తిరిగే చదువేం చదువమ్మా?” ఆయన నా పక్కనే ఉన్నాడు, విన్నాడు, చానెల్ మార్చుకున్నాడు. అదే కాబోలు ఆ ఓర్పు.

“పుస్తకం నేను రాశానండీ,” అన్నాను. “అట్టమీద నా పేరు లేదు. లోపల నా మాట కూడా లేదు. డ్రిని తీసేశాడు.”

“శ్యామా, లుక్. సోమవారం ఆ ఫారం మీద సంతకం పెట్టేయ్. నీ పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూ ప్యానెల్‌కి ఆయనే చెయిర్ కదా? పదకొండేళ్ళు ఆగావు. ఒక్క మాట కోసం పాడుచేసుకుంటావా? కొంచెం సర్దుకుపోతే ఏం పోతుంది?”

ఫారం అంటే మరేం లేదు. నా రాతలు, ఫోటోలు, మ్యాపులు ఈ పుస్తకంలో వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదని ఒక సంతకం. అది లేకుండా పబ్లిషర్ వాటిని వాడుకోవడానికి వీల్లేదు. మా ఆయన చెప్పింది అబద్ధం కాదు. సంతకం పెడితే ఉద్యోగం దాదాపు ఖాయం. సెలవులు, జీతం, తలుపు మీద పేరు. ఆ తలుపు మీద పేరు నాకూ కావాలి. పదకొండేళ్ళుగా స్టాఫ్ రూంలో ఎవరి కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చుంటున్నదాన్ని, నాకు కాక ఎవరికి కావాలి? మధ్యాహ్నమంతా మాంసానికి మసాలా పట్టిస్తూ అదే ఆలోచించాను. ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను, అందులో ఉల్లిపాయలవి ఎన్నో నావి ఎన్నో తెలియదు. తలుపు మీద ఏ పేరు రాస్తారు? షామ్ రావు అనా? అప్పుడూ సరే అంటానా?

ఆదివారం పొద్దున్నే అవెన్ తలుపు తీసి చూశాను. పెరుగు రాయిలా తోడుకుంది. గిన్నె పక్కకి వంచినా కదల్లేదు. బెంచ్ మీద లాప్‌టాప్ తెరిచాను. ముందు పెద్ద ఉత్తరం రాశాను, సారీతో మొదలుపెట్టి. ఇంకో రెండు సారీలు మధ్యలో పడ్డాయి. మొత్తం కొట్టేశాను. మళ్ళీ నాలుగు వాక్యాలు రాశాను. “నేను సంతకం పెట్టడం లేదు. నా రాతలు, నా ఫోటోలు, నా మ్యాపులు ఏవీ ఈ పుస్తకంలో వాడటానికి వీల్లేదు. అవి నా పేరుతో, డ్రి అన్న మాటతో వేరే వస్తాయి. యాక్ ఈనదు.” కింద పేరు పూర్తిగా రాశాను. యలమంచిలి శ్యామసుందరి. గ్రాహమ్‌కి, పబ్లిషర్‌కి ఇద్దరికీ పెట్టి, ఒక్క నొక్కు నొక్కేశాను. ఎక్కడా చిక్కుపడలేదు.

ఉద్యోగం రాదు. ఆ సంగతి నాకు నొక్కేముందే తెలుసు. భయం లేదని అబద్ధమాడను. కానీ ఆకలేసింది. నిలబడి రెండు ఇడ్లీలు తిన్నాను.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. మగవాళ్ళంతా బీర్ సీసాలతో బార్బీ చుట్టూ చేరారు. నేనూ, సుబ్బరాజు గారి భార్య తేజస్వినీ రెండు రోజులుగా కోసి, కడిగి, నానబెట్టిన మాంసాన్ని మా ఆయన పట్టకారుతో అటూ ఇటూ తిప్పాడు. తిప్పినందుకు అందరూ “వాసూ, సూపర్!” అన్నారు. సుబ్బరాజు గారు ఆయనకి యూని రోజుల స్నేహితుడు, మనసు మంచిదే, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

తిండి సగంలో ఉండగా మా ఆయన పట్టకారు పైకెత్తాడు. “ఫ్రెండ్స్, ఒక గుడ్ న్యూస్! మా శ్యామకి యూనిలో పర్మనెంటు అయిపోయినట్టే. పుస్తకం కూడా వస్తోంది. అందులో నా పేరు కూడా ఉందండోయ్!”

చప్పట్లు కొట్టారు. “యాక్ పాల మీదేనా అమ్మా పుస్తకం?” అన్నారు సుబ్బరాజు గారు.

“ఎద్దు పాల మీదండీ అన్నయ్యగారూ,” అన్నాను. “అందుకే ఆపేశాను.”

“ఆపడమేంటి?” మా ఆయన నవ్వుతూనే అన్నాడు, జోకేమోనని.

“సంతకం పెట్టనని పొద్దున్న రాసేశాను. నా పని మొత్తం వెనక్కి తీసుకున్నాను. ఉద్యోగం కూడా రాకపోవచ్చు.” పెరుగు గిన్నెలో గరిటె వేశాను. “పుస్తకం నేనే వేస్తాను, నా పేరుతో. అందులో మీ పేరు ఉండదండీ. మీరు ఏం భరించారో నాకు గుర్తుకి రావడం లేదు.”

బార్బీ మీద మాంసం మాడుతోంది. మా ఆయన మొహం ఎర్రగా అయింది. దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, “అందరిముందూ ఏంటిది? నాకొక్క మాట ముందు చెప్పొద్దా?” అన్నాడు.

“చెప్పాను. పదహారేళ్ళ నుంచీ చెబుతున్నాను. పాలు పాలే కదా అన్నారు.”

తేజస్విని నా పక్కకి వచ్చి నిలబడింది, నా చేతిలో గరిటె తీసుకుని తనే అన్నంలో పెరుగు కలపడం మొదలుపెట్టింది. మనవాళ్ళ పార్టీల్లో మొగుడూ పెళ్ళాలకి మాటా మాటా వస్తే ఎవరో ఒకరు తిండి మీదికి మళ్ళిస్తారు, అది ఆనవాయితీ. సుబ్బరాజు గారు ఆ బాధ్యత నెత్తినేసుకున్నారు. పెరుగన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “సర్లే సర్లే, అవన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఏమాటకామాట చెప్పుకోవాలి వాసూ, నీ పెరుగు మాత్రం అమృతమయ్యా! ఈ చలిలో ఇంత గడ్డగా ఎలా తోడేస్తావయ్యా బాబూ?” అన్నారు.

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. అంత కోపంలోనూ మా ఆయన నోరు దాని దారిన అది కదిలింది. “ఏముంది సుబ్బరాజూ, మా అమ్మ ఇండియా నుంచి తెచ్చిన తోడు...”

పిల్లలు ఎగిరే ట్రాంపొలీన్ అంచున కూర్చుని తింటున్న గీతిక తల ఎత్తింది. పద్నాలుగేళ్ళుగా పదిమందిలో నోటమ్మట ఒక్క తెలుగు ముక్క రాని పిల్ల, చెంచా గిన్నెలో పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని, అందరికీ వినపడేలా అడిగింది.

“నాన్నా, ఎద్దు ఈనిందా?”